కంటి మూల వాపు: ఎక్కడిదాకా ఓర్చుకోవచ్చు?

మన ఇళ్లలో కంటి వెంట నీరు కారడాన్ని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. చీరకొంగుతోనో కండువా చెంగుతోనో ఒత్తుకుని పనిలో పడిపోతారు. పొయ్యి పొగ వల్లనో, బస్సు కిటికీ గాలి వల్లనో అని ఏదో ఒక కారణం చెప్పుకుంటారు. కొన్నాళ్లకు కారణం కూడా అక్కర్లేని అలవాటైపోతుంది. నలభై, యాభై దాటిన ఆడవాళ్లలో ఈ బాధ ఎక్కువ. దాన్ని అందరికంటే తక్కువగా బయటపెట్టేదీ వాళ్లే. "ఆసుపత్రికి వెళ్దాం పదమ్మా" అని కొడుకు అంటే, "ఎప్పట్నుంచో ఉన్నదేగా, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది? దీనికోసం నీ సెలవు పాడుచేసుకోకు" అంటుంది తల్లి.

ఓర్పు మంచి గుణమే. కానీ ఆ గుణానికి హద్దు గీసుకోవాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి, కంటి లోపలి మూల వాటిలో ఒకటి. అక్కడ నీరు కారుతుంటే వారాల్లో చూపించుకోవాలి. అక్కడ ఎర్రగా వాచి నొప్పి పుడితే ఆ రోజే చూపించుకోవాలి. ఆ వాపుతోపాటు కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చినా, కదలకపోయినా, చూపు మసకబారినా గంటలు లెక్కపెట్టుకోవాలి. ఈ మూడు గడువులూ మనసులో నాటుకుంటే ఈ అధ్యాయం చదివిన పని సగం నెరవేరినట్టే. మిగతా సగం ఆ గడువులు అలా ఎందుకున్నాయో తెలుసుకోవడం. ఎందుకో తెలియకపోతే, రాత్రి పదకొండింటికి "పొద్దున చూద్దాంలే" అనే మాటే గెలుస్తుంది.

కన్నీరు మనం ఏడ్చినప్పుడే ఊరేది కాదు. కన్ను ఎండిపోకుండా రోజంతా కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది. అలా ఊరిన నీరు బయటికి పోవడానికి దారి ఉంది. అద్దంలో చూస్తూ కింది రెప్పను కాస్త కిందికి లాగితే, ముక్కు వైపు అంచున సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది. పై రెప్పకూ అలాంటిదే ఒకటి ఉంటుంది. రెప్ప కొట్టిన ప్రతిసారీ నీరు ఆ రంధ్రాల గుండా సన్నని గొట్టాల్లోకి, అక్కడినుంచి ముక్కు ఎముక పక్కన చిన్న గుంటలో ఒదిగి ఉన్న కన్నీటి సంచిలోకి, ఆ సంచి నుంచి ఎముకలోని నాళం గుండా ముక్కులోకి జారిపోతుంది. కంట్లో చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగిలేది ఈ దారి వల్లనే.

ఆ నాళం కింది భాగం మూసుకుపోతే ఏమవుతుంది? స్నానాల గది తూము పూడుకుపోతే నీరు నిలిచి, పాచిపట్టి, కంపుకొట్టినట్టే ఇక్కడా జరుగుతుంది. సంచిలో నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మొదట నీరు కారుతుంది. తర్వాత పొద్దున లేచేసరికి కంటి మూల పుసి కడుతుంది. ముక్కు పక్కన వేలితో నొక్కితే రెప్పల రంధ్రాల్లోంచి జిగురో చీమో పైకి వస్తుంది. ఇది దీర్ఘకాలపు దశ, ఏళ్లతరబడి నొప్పి లేకుండా సాగుతుంది. ఆడవాళ్లలో ఎముకలోని నాళం సహజంగా ఇరుకుగా ఉండటం వాళ్లలో ఇది ఎక్కువ కావడానికి ఒక కారణమని వైద్యులు చెబుతారు. ముక్కుకు దెబ్బ తగిలినవాళ్లలో, సైనస్ ఆపరేషన్లు అయినవాళ్లలో కూడా ఈ దారి మూసుకుపోవచ్చు.

ఒకరోజు ఆ నిలవ చీము ఉన్నట్టుండి ఉద్రేకిస్తుంది. కంటి మూల ఎర్రబడి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పితో, చిక్కుడుగింజంత మొదలై రెప్పలదాకా వాపు పాకుతుంది. జ్వరం రావచ్చు. దీన్నే వైద్యులు అక్యూట్ డాక్రియోసిస్టైటిస్ అంటారు. స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ జాతుల బ్యాక్టీరియా వల్ల వచ్చేది ఎక్కువ. కొందరిలో సూడోమొనాస్ లాంటి మొండి జాతులూ ఉంటాయి.

చాలామంది దీన్ని కంటికురుపు అనుకుంటారు, ఇంకొందరు కళ్లకలక అనుకుంటారు. కంటికురుపు రెప్ప అంచున, వెంట్రుకల మొదట్లో లేస్తుంది. కళ్లకలకలో కన్నంతా ఎర్రబడుతుంది, తరచు రెండో కంటికీ అంటుకుంటుంది. కన్నీటి సంచి వాపు ముక్కుకూ కంటికీ నడుమ, మూలకు కాస్త దిగువగా ఉంటుంది. ఒకవైపే నెలలతరబడి నీరు కారుతుంటే దాన్ని కళ్లకలక ఖాతాలో వేయకండి.

వాపు ముందుకు వస్తే, వెనక్కి పోతే

ఈ చీముకు రెండు దారులున్నాయి. మనిషి చూపు దక్కడమా పోవడమా అన్నది అది ఏ దారి పట్టిందన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

కంటిగుంతకు ముందువైపు ఒక పలుచని గట్టి పొర అడ్డుగా ఉంటుంది. రెప్పలను, కంటిగుంతను అది వేరుచేస్తుంది. ముక్కు వైపున ఈ పొర కన్నీటి సంచికి వెనకగా ఎముకకు అతుక్కుని ఉంటుంది. అంటే సంచి ఆ పొరకు ముందు, కంటిగుంతకు బయట ఉన్నట్టు లెక్క. దానికి తోడు సంచి చుట్టూ ఒక కవచం, వెనకవైపు ఒక చిన్న కండరం, రెప్పల మూలను ఎముకకు కట్టి ఉంచే బంధనం కాపలా ఉంటాయి. అందువల్ల సంచిలో చీము పొంగితే ఎక్కువమందిలో అది ముందుకే, చర్మం వైపే వస్తుంది. చర్మం పగిలి చీము కారుతుంది, నొప్పి తగ్గుతుంది. "పోయింది, పగిలిపోయింది" అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పగిలిన చోట సన్నని రంధ్రం మిగిలి, దానిగుండా నీరు కారుతూ ఉండిపోవడమూ ఉంది. పూడిక మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

కొద్దిమందిలో ఆ కాపలా ఓడిపోతుంది. చీము వెనక్కి, కంటిగుంతలోకి చొరబడుతుంది. కంటిగుంతలోని మెత్తని భాగాలకు సోకే ఈ ఇన్ఫెక్షన్‌ను ఆర్బిటల్ సెల్యులైటిస్ అంటారు, చీము ఒకచోట గూడు కడితే ఆర్బిటల్ ఆబ్సెస్ అంటారు. మొత్తం మీద చూస్తే కంటిగుంత ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ముక్కు పక్కనున్న సైనస్‌ల నుంచి వస్తాయి, కన్నీటి సంచి నుంచి వచ్చేవి అరుదు. అయితే అరుదైనది కావడమే దీని ప్రమాదం. ఇంట్లోవాళ్లకే కాదు, ఊళ్లో మొదట చూసినవాళ్లకూ ఇది వెంటనే తట్టకపోవచ్చు. మూల వాపు కనిపిస్తూ ఉంటుంది కాబట్టి అందరి చూపూ దాని మీదే ఉంటుంది, వెనకాల ఏం జరుగుతోందో అడిగేవాళ్లుండరు.

వెనకాల ఎందుకంత ప్రమాదం? పెద్దవాళ్ల కంటిగుంత పరిమాణం సుమారు 30 మిల్లీలీటర్లు. అందులో కనుగుడ్డే దాదాపు 7 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. మిగిలిన ఇరుకులోనే కన్నును తిప్పే కండరాలు, కొవ్వు, రక్తనాళాలు, మెదడుకు చూపును మోసుకెళ్లే నరం సర్దుకుని ఉంటాయి. చుట్టూ ఎముక గోడలు, అవి సాగవు. అక్కడ కాస్త చీము చేరి వాపు వచ్చినా ఒత్తిడి పెరిగిపోతుంది. కనుగుడ్డు ముందుకు తోసుకొస్తుంది. చూపు నరం నలిగి సాగుతుంది. రెటీనాకు రక్తం అందించే ధమని నొక్కుకుపోవచ్చు. రెటీనా రక్తం లేకుండా కొద్ది గంటలకు మించి బతకదు. ఆ తర్వాత ఎంత గొప్ప వైద్యం చేసినా పోయిన చూపు తిరిగి రాదు. గంటలు లెక్కపెట్టుకోవాలని మొదట్లో అన్నది ఇందుకే.

చీము పట్టే ఆ రెండు దారులు కాక, ఇన్ఫెక్షన్ పాకే ఇంకో దారీ ఉంది. ముక్కు పక్కగా వెళ్లే సిర కంటిగుంతలోని సిరలతో కలుస్తుంది, అవి మెదడు అడుగున ఉన్న కేవర్నస్ సైనస్ అనే సిరల గూటిలోకి చేరుతాయి. ఇన్ఫెక్షన్ ఆ బాట పడితే అక్కడ రక్తం గడ్డకట్టడం, మెదడు పొరల వాపు, మెదడులో చీముగడ్డ దాకా పోవచ్చు. అప్పుడిక ప్రశ్న కంటిది కాదు, ప్రాణానిది. యాంటీబయాటిక్స్ రాకముందు కాలంలో కంటిగుంత ఇన్ఫెక్షన్ సోకినవారిలో దాదాపు ఆరుగురిలో ఒకరు చనిపోయేవారని, బతికినవారిలో అయిదుగురిలో ఒకరికి ఆ కన్ను పోయేదని వైద్య గ్రంథాలు రాస్తాయి. ఇవాళ మందులున్నాయి, సీటీ స్కాన్లున్నాయి. వేళకు ఆసుపత్రి చేరినవాళ్లలో ఎక్కువమంది చూపుతోనే ఇంటికి వస్తున్నారు. వేళకు చేరడం ఒక్కటే ఇంకా మన చేతుల్లో ఉన్న పని.

ఎవరిలో కాపలా ఓడిపోతుందో ముందుగా చెప్పలేం. షుగర్ అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, ముక్కుకూ ముఖానికీ గతంలో పెద్ద దెబ్బ తగిలినవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెబుతాను. 2021లో కోవిడ్ రెండో విడత తర్వాత బ్లాక్ ఫంగస్ మన రాష్ట్రాల్లో ఎన్ని కళ్లను తీసుకుపోయిందో చూశాం. షుగర్ ఎక్కువగా ఉన్న మనిషికి కంటి చుట్టూ వాపు, ముఖం ఒకవైపు నొప్పి, ముక్కులోంచి నల్లని పొక్కులు, చెంప తిమ్మిరి ఉంటే అది కన్నీటి సంచి వాపేనని మీరు తేల్చేయకండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే షుగర్ ఉందని చెప్పండి.

ఇంట్లోనే చూసుకోదగ్గ గుర్తులు

కంటి మూల ఎర్రగా వాచిన మనిషి మీ ఎదురుగా ఉన్నాడనుకోండి. ఆ రోజు డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్లాలి. కానీ మామూలు కంటి డాక్టర్ దగ్గరికా, స్కాన్ ఉన్న పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికా అన్నది తేల్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.

ముందు చూపు. రెప్పలు వాచి మూసుకుపోయి ఉంటాయి కాబట్టి "కనిపిస్తోందా?" అని అడిగితే "రెప్ప తెరుచుకోవట్లేదు, ఎట్లా కనిపిస్తుంది?" అంటారు. చాలా ఇళ్లలో చూపు పోతున్న సంగతి ఈ ఒక్క మాట చాటున దాగిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, పై రెప్పను కనుబొమ ఎముకకు ఆనించి మెల్లగా పైకెత్తండి. కనుగుడ్డు మీద ఒత్తిడి పడనివ్వకండి. రెండో కన్ను అరచేత్తో మూసి, గోడ మీద క్యాలెండర్‌లోని అంకెలు చదవమనండి. అద్దాలు వాడేవాళ్లయితే పెట్టుకునే చదవాలి. తర్వాత ఒక కుంకుమ భరిణనో, ఎర్ర మూత ఉన్న సీసానో చూపించి, ఒక్కో కంటితో విడివిడిగా చూడమనండి. బాగున్న కంటికి ఎర్రగా కనిపించేది జబ్బు కంటికి వెలిసిపోయినట్టు, గోధుమరంగులో కనిపిస్తే చూపు నరం నలుగుతోందని అనుమానించాలి. అక్షరాలు మసకబారకముందే రంగు వెలవవచ్చు.

తర్వాత కదలిక. తల కదపకుండా మీ వేలి వెంట పైకి, కిందికి, పక్కలకు చూడమనండి. ఒక కన్ను వెనకబడినా, తిప్పుతుంటే కంటి లోపల నొప్పి పుట్టినా, ఒకటి రెండుగా కనిపించినా వాపు వెనక్కి చేరిందనే అనుకోండి. వాపు చర్మం వరకే ఉంటే, అది ఎంత పెద్దదైనా కన్ను మాత్రం హాయిగా అన్నివైపులా తిరుగుతుంది. ముందు వాపుకూ వెనక వాపుకూ తేడా చెప్పడంలో దీనంత నమ్మకమైన గుర్తు ఇంట్లో దొరకదు.

ఆపైన పొడుచుకు రావడం. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడి, తల కాస్త వెనక్కి వంచమని నుదుటి మీదుగా కిందికి చూడండి. రెండు కనుగుడ్లలో ఒకటి ముందుకు వచ్చి ఉంటే ఎదుటినుంచి చూసినప్పటికంటే స్పష్టంగా తెలుస్తుంది. తెల్లగుడ్డు మీది పొర నీరుపట్టి ఉబ్బి ఉందేమో కూడా చూడండి.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, లేదా వాపుకు తోడు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మగత, మెడ బిగుసుకుపోవడం, రెండో కంటికీ వాపు రావడం లాంటివి ఉన్నా 108కి ఫోన్ చేయండి. రెప్ప ఎత్తి చూడటమే సాధ్యం కాకపోతే, చూపు బాగుందని అనుకోకండి. చూడలేకపోవడమే ఒక ప్రమాద సూచనగా తీసుకుని బయల్దేరండి. గుర్తులేవీ కనిపించలేదని నిబ్బరంగా కూర్చోవడమూ తగదు. మధ్యాహ్నం బాగా తిరిగిన కన్ను రాత్రికి బిగుసుకుపోవచ్చు. మందులు మొదలుపెట్టాక కూడా మొదటి రెండు రోజులు పొద్దునా సాయంత్రం ఈ పరీక్షలు చేస్తూనే ఉండండి. నోటి మాత్రలు వేసుకున్న 24 నుంచి 48 గంటల్లో వాపు తగ్గుముఖం పట్టకపోతే కోర్సు పూర్తయ్యేదాకా ఆగకుండా డాక్టర్‌కు మళ్లీ చూపించాలి.

చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. ఎర్రగా వాచిన సంచిని నొక్కకండి, మాలిష్ చేయకండి. నొక్కితే చీము బయటికే వస్తుందన్న హామీ లేదు. సూదితో గుచ్చకండి. నందివర్ధనం పూల రసం, చనుబాలు, ఆముదం, పసుపు ముద్ద ఏవీ కంట్లో వేయకండి. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, వాళ్లను నొప్పించకుండానే కాదనండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందు మీద కూడా ఆశ పెట్టుకోకండి. దారి మూసుకుపోయిన సంచిలోకి చుక్కలు పోవు. పైగా ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు కనిపించి, జబ్బు లోపల పెరుగుతుంది. నొప్పి మాత్ర వేసుకుని పడుకోవడమూ అంతే. నొప్పి తగ్గింది కదా అని ఒక రాత్రి గడిచిపోతుంది, ఆ రాత్రే విలువైనది.

రానంటున్న పెద్దవాళ్లను ఎలా కదిలించాలి? జబ్బు గురించి వాదనకు దిగితే వాళ్లే గెలుస్తారు, వాళ్ల ఓర్పు ముందు మన మాటలు నిలవవు. భయపెడితే ముడుచుకుపోతారు. పని మొదలుపెట్టేయడమే మంచి పద్ధతి. "అత్తయ్యా, ఆటో పిలిచాను. వంట సంగతి నేను చూసుకున్నాను. మీ మందుల చీటీలు సంచిలో పెట్టాను, పదండి" అన్నప్పుడు కాదనడానికి వాళ్లకు కారణాలు మిగలవు. తమ వల్ల ఇంట్లో పని ఆగిపోతుందన్నదే చాలామంది తల్లుల అసలు దిగులు. ముందు దాన్ని తీర్చండి.

ఆసుపత్రిలో మీ పని

కంటిగుంతలోకి ఇన్ఫెక్షన్ చేరిందని అనుమానం ఉంటే కళ్లద్దాల షాపు, చూపు పరీక్షల శిబిరం సరైన చోట్లు కావు. కంటి విభాగం, ముక్కు చెవి గొంతు విభాగం, సీటీ స్కాన్ ఒకేచోట ఉన్న ఆసుపత్రి కావాలి. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఇవి ఉంటాయి. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానివే. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కన్నీటి మార్గాల జబ్బులకే ప్రత్యేకంగా ఒక విభాగం పనిచేస్తోంది. మీకు దగ్గరలో ఏది ఉందో ముందే కనుక్కుని పెట్టుకుంటే ఆ వేళకు తడబాటు ఉండదు.

అక్కడ ఏం చేస్తారు? మనిషిని చేర్చుకుని సిరలోకి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు. రక్తం, దొరికితే చీము పరీక్షకు పంపుతారు. వెనక చీము ఎక్కడ ఉందో, ఎంత ఉందో తెలియడానికి రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తారు. చీము గూడు కట్టి ఉంటే, ముఖ్యంగా చూపు తగ్గుతుంటే, ఆపరేషన్ చేసి బయటికి తీస్తారు. కేవర్నస్ సైనస్ మీద అనుమానం ఉంటే ఎంఆర్ఐ అడుగుతారు.

తోడుగా వెళ్లినవాళ్లు ఈ సమయంలో వరండాలో కూర్చుని ఎదురుచూసేవాళ్లుగా మిగిలిపోకూడదు. నీరు కారడం ఎప్పటినుంచి ఉంది, ఎరుపు ఏ రోజు మొదలైంది, చూపు చివరిసారి ఎప్పుడు బాగుంది, ఏ మందులు వాడారు, ఏ మందు పడదు, షుగర్ ఎంత అన్నవి ఒక కాగితం మీద రాసి చేతిలో ఉంచుకోండి. కంట్లో పసరో, రసమో వేసి ఉంటే అదీ దాచకుండా చెప్పండి. డ్యూటీ మారినప్పుడల్లా కొత్తగా వచ్చిన డాక్టర్‌కు ఆ కాగితం చూపించండి. ఆసుపత్రిలో చేరినంత మాత్రాన ప్రమాదం దాటినట్టు కాదు. కొన్ని గంటలకోసారి చూపు పరీక్షిస్తూ ఉండాలి. "రాత్రి చూపు ఎన్నిసార్లు చూస్తారండీ? తగ్గితే ఎవరికి చెప్పాలి?" అని వినయంగా అడగండి. మధ్యలో చూపు తగ్గిందని రోగి అంటే రౌండ్స్ దాకా ఆగకండి. నిద్రలో ఉన్న నర్సును లేపడానికి మొహమాటపడి కన్ను పోగొట్టుకోకూడదు.

పసిపిల్లల సంగతి

పుట్టిన పిల్లల్లో కన్నీటి నాళం కింది కొసన ఒక పలుచని పొర తెరుచుకోకుండా ఉండిపోవడం మామూలే. కంట్లో నీళ్లు, పొద్దున పుసి కనిపిస్తాయి. ఏడాది తిరిగేలోపు పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అదే తెరుచుకుంటుంది. ఆలోగా డాక్టర్ చూపించిన పద్ధతిలో గోళ్లు తీసిన శుభ్రమైన వేలితో కంటి మూల నుంచి ముక్కు వెంట కిందికి ఒత్తి రుద్దాలి. క్రిగ్లర్ అనే వైద్యుడు 1923లో వివరించిన ఈ పద్ధతినే ఇప్పటికీ పిల్లల డాక్టర్లు నేర్పుతున్నారు. కాటుక పెట్టకండి. ఏడాది దాటినా తగ్గకపోతే సన్నని తీగలాంటి పరికరంతో దారి తెరుస్తారు.

ఇంతదాకా భయపడాల్సింది లేదు. భయపడాల్సిన సంగతి వేరే ఉంది. పుట్టుకతోనే లేదా పుట్టిన కొద్దిరోజుల్లోనే కంటి మూల కింద నీలంగా ఉబ్బు కనిపిస్తే, ముక్కు లోపల కూడా ఆ ఉబ్బు ఉండి పాలు తాగేటప్పుడు బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. ఆ ఉబ్బుకు ఇన్ఫెక్షన్ సోకితే పసివాళ్లలో అది కంటిగుంతకూ, రక్తానికీ పెద్దవాళ్లలో కంటే తేలిగ్గా పాకుతుంది. బిడ్డ కంటి మూల ఎర్రగా, వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, పాలు మానేసినా మాలిష్ ఆపేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బాలింతను బయటికి తీసుకెళ్లకూడదన్న పట్టింపు ఆ వేళ పక్కనపెట్టండి.

నీరు కారుతున్నప్పుడే

ఇప్పటిదాకా చెప్పినదంతా మంటలు లేచాక చేసే పని. కన్నీటి సంచి వాపు వచ్చిన పెద్దవాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు నెలలుగానో ఏళ్లుగానో నీరు కారుతూ ఉంటుంది. అంత వ్యవధి ఇచ్చే జబ్బులు తక్కువ. ఆ వ్యవధిలో చేయాల్సింది చిన్న పరీక్ష. డాక్టర్ రెప్ప రంధ్రంలోకి మొద్దు సూదితో ఉప్పునీరు పంపుతారు. గొంతులో ఉప్పగా తగిలితే దారి తెరిచి ఉన్నట్టు, వెనక్కి పొంగితే మూసుకున్నట్టు. దీన్ని సిరంజింగ్ అంటారు, కొద్ది నిమిషాల పని. వాపు ఎర్రగా ఉన్నప్పుడు మాత్రం ఇది చేయించుకోకూడదు. మన దగ్గర శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష చేసేది కూడా మూసుకున్న దారిని కనిపెట్టడానికే. సంచిలో చీము ఉండగా కన్ను కోస్తే ఆ క్రిములు కంటి లోపలికి చేరి చూపు పోయే ప్రమాదం ఉంది. శిబిరంలో మీ వంతు వచ్చినప్పుడు ఎవరూ అడగకపోయినా, నీరు కారుతోందని మీరే చెప్పండి.

దారి మూసుకుందని తేలితే పెద్దవాళ్లలో చుక్కల మందులు దాన్ని తెరవలేవు. ఆపరేషనే మార్గం. పేరు డాక్రియోసిస్టోరైనోస్టమీ, అందరూ డీసీఆర్ అంటారు. పూడిన నాళాన్ని వదిలేసి, సంచికీ ముక్కుకూ మధ్య ఎముకలో కొత్త దారి తీస్తారు. ముక్కు లోపలినుంచి చేసే పద్ధతిని కాల్డ్‌వెల్ అనే వైద్యుడు 1893లోనే వర్ణించారు. బయటినుంచి చిన్న కోతతో చేసే పద్ధతిని ఇటలీ వైద్యుడు టోటీ 1904లో తెచ్చారు. నూరేళ్లు దాటిన ఈ ఆపరేషన్ ఇవాళ ఎండోస్కోప్ సాయంతో ముఖం మీద మచ్చ లేకుండా కూడా జరుగుతోంది. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ఫలితం ఇస్తుంది. మత్తు గురించి భయపడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది: పెద్దవాళ్లలో చాలామందికి ఆ చోట మొద్దుబారే ఇంజెక్షన్‌తోనే దీన్ని చేయవచ్చు.

ఒక హెచ్చరిక. నొప్పి లేకుండా గట్టిగా ఉన్న గడ్డ, మూలకు పైవైపుకు పాకుతున్న వాపు, కంట్లోంచి రక్తం కలిసిన నీరు ఉంటే అది మామూలు పూడిక కాకపోవచ్చు. కణితి ఉందేమో చూడమని డాక్టర్‌ను అడగండి.

ఇన్ఫెక్షన్ కంటిగుంత దాకా వెళ్లినా బయటపడ్డవాళ్లు చాలామంది చేసే పొరపాటు చివరన వస్తుంది. వాపు తగ్గింది, చూపు దక్కింది, బిల్లు కట్టారు, ఇక మళ్లీ ఆసుపత్రి గడప తొక్కకూడదనుకుంటారు. కానీ ఇంజెక్షన్లు చీమును తగ్గించాయి గానీ, దాన్ని పుట్టించిన పూడికను తీయలేదు. అది ఉన్నంతకాలం అదే చీము మళ్లీ పొంగవచ్చు. కాబట్టి డిశ్చార్జి కాగితం చేతికి తీసుకునేముందు డాక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "డీసీఆర్‌కు మళ్లీ ఏ తేదీన రావాలి?" ఆ తేదీ కాగితం మీద రాయించుకుని, ఆ రోజుకు ఇంట్లో ఎవరు తోడు వెళ్తారో అక్కడే తేల్చుకుని ఇంటికి రండి.